చివరి చరణం మా ఇంటి మీద

మా ఆయనకు అమెరికా పాటల పిచ్చి. ఆ దేశం మీద పిచ్చేమీ లేదు. ఆయనకు పాస్‌పోర్టు కూడా లేదు, కావాలని ఎప్పుడూ అనలేదు. కావలసిందల్లా అక్కడి ఊళ్ళ మీద కట్టిన పాటలు. ఏదో ఒక కొండ కింది ఊరు, ఏదో ఒక నది వంపు, రైలు ఆగడం మానేసిన ఒక స్టేషను, వాన మొహం చూడని ఒక జిల్లా. వాటి మీద ఎవడో గిటారు పట్టుకుని ముక్కుతో పాడితే, కోయంబత్తూరులో మా వరండాలో కూర్చుని ఈయన కళ్ళు తుడుచుకుంటారు. కరివేపాకు తెమ్మని నేను రెండుసార్లు పిలిచినా వినిపించదు గానీ, ఎక్కడో ఎవరి గోధుమచేనో ఎండిపోయిందంటే చటుక్కున వినిపిస్తుంది.

ఈ జబ్బు చదువుకునే రోజుల్లో హాస్టల్లో తగులుకుంది. బట్టల మిల్లు చదువు చదివేటప్పుడు పక్క గదిలో కూనూరు టీ తోటల అబ్బాయి ఒకడుండేవాడట. వాడు చదువు మధ్యలో వదిలేసి పోతూ, ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు ఈయన మంచం కింద వదిలి పోయాడు. ఆ క్యాసెట్లు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి, నా చీరలు మాత్రం మంచం కింద పెట్టెలో ఉన్నాయి.

పాటలు వినడంతో ఆగితే నాకు బాధ లేదు. అర్థాలు చెబుతారు. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు. మా పెద్దలు ఎప్పుడు దక్షిణానికి దిగి వచ్చారో, ఏ ఊరి నుంచి వచ్చారో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. బళ్ళో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తిట్టుకోవడానికి తెలుగు. నేనైతే పిల్ల పెద్దదయ్యాక పట్టుబట్టి తెలుగు రాయడం, చదవడం నేర్చుకున్నాను. ఆయనకు అక్షరం ముక్క రాదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను.

ఆయన నాకు అర్థం చెప్పేది కూడా మా ఇంటి తెలుగులోనే. పాట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టి, "ఇప్పుడు వాడేమన్నాడు తెలిసిందా?" అంటారు. తెలియలేదని అంటే మొదటి నుంచి చెబుతారు. తెలిసిందని అంటే ఎంత తెలిసిందో చూద్దామని ప్రశ్నలు వేస్తారు. మిల్లులో ఆయన పక్క సీటులో కూర్చునే తమిళ మేనేజరు ఒకాయన ఉన్నారు, నెమ్మదస్తుడు. పాపం, మధ్యాహ్నం డబ్బా విప్పిన ప్రతిరోజూ ఆయనకు పెరుగన్నంతో పాటు ఒక పాటకు అర్థం కూడా తమిళంలో దక్కుతుంది. ఆయన ఒకసారి నాతో అన్నారు, "మీ ఇంటాయన పుణ్యమా అని నేను చూడని ఊళ్ళ కష్టాలన్నీ నాకు తెలుసమ్మా" అని. అది మెచ్చుకోలో మొరో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆయనకో సిద్ధాంతం ఉంది. కంట్రీ పాట అంటే ఊరిని వదలలేనివాడి పాట, రాక్ పాట అంటే ఊరిని వదిలేసినవాడి పాట. మొదటివాడు నేల గురించి పాడతాడు, రెండోవాడు రోడ్డు గురించి పాడతాడు. రాక్ పాటలో మాటలు లేకుండా గిటారు అంతసేపు ఎందుకు మోగుతుందంటే రోడ్డు అంత పొడుగుంది కాబట్టి. ఇది విన్న రోజు నేను ఒకటే అడిగాను. "వీళ్ళందరూ ఊరికి పోవాల పోవాల అని ఏడుస్తాండారే, పోవచ్చు గదా? వాళ్ళ ఊరికి బస్సు లేదా?" ఆయన రెండు రోజులు నాకు పాట వినిపించలేదు. ఆ రెండు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉంది.

అయితే ఒక పాట విషయంలో నేను నోరు మూసుకుంటాను. ఉక్కు ఫ్యాక్టరీ మూతపడిన ఊరి మీద కట్టిన రాక్ పాట అది. గేటుకు తాళం, లోపల మొలిచిన గడ్డి, పొద్దున్నే కూత వేసే సైరను లేక ఆలస్యంగా నిద్రలేచే వీధి. ఆయన మొదట పని నేర్చుకున్న నూలు మిల్లు ఆ పాట నాకు వినిపించేనాటికే మూతపడి ఉంది. గేటు ముందు మునగచెట్టు మొలిచి కాయలు కూడా కాసింది. ఆ పాటకు ఆయన ఎప్పుడూ అర్థం చెప్పలేదు, నాకు వచ్చిన ఇంగ్లీషుతో నేనే తెలుసుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆయనకు సొంత ఊరొకటుంది. మదురై దాటి, సాత్తూరు దాటి, కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి నేలలో. ఆ ఊరికి కారులో పోయేటప్పుడు దారి పొడుగునా ఒక్కో చోటికి ఒక్కో పాట. పల్లడం మగ్గాల చప్పుడు వినబడగానే ఒకటి, ధారాపురం ఎండు నేల రాగానే వాన లేని జిల్లా పాట, ఒట్టన్‌సత్రం కూరగాయల లారీలు ఎదురైతే లారీ డ్రైవరు పాట. సాత్తూరు దాటాక నేల నల్లబడుతుంది, ఈయన గొంతు బొంగురుపోతుంది. వెనక సీట్లో మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని వేరే పాటలు వింటూ ఉంటుంది. నేను నిద్ర నటిస్తాను.

ఆ ఊళ్ళో మా ఆయనకు అక్క ఉంది. నాకు వదిన. ఆమెను అదే ఊళ్ళో, నాలుగిళ్ళ అవతల మేనత్త కొడుక్కే ఇచ్చారు. పత్తి, మినుములు, మిరప ఆమె చేతి మీదే పండుతాయి. మనిషి పొట్టి, గొంతు పొడుగు. పొలం ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీదున్న ఎద్దును తిడితే ఎద్దు ఆగుతుంది. ఆమె తిట్టిందంటే మనిషిని తనవాళ్ళలో కలుపుకున్నట్టు లెక్క. నేను కొత్తకోడలిగా గడపలో కాలు పెట్టగానే ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఏమే కోయంబత్తూరుదానా, సిరువాణి నీళ్ళు తాగి తెల్లబడినావు సరి, బుర్రలో కూడా నీళ్ళేనా?" అంది. నేను ఏడవబోయాను. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "పిచ్చిదానా, నువ్వు ఆమెకు నచ్చినావు" అని చెప్పారు.

ఆమె చేతిలో మా ఇంటి ఆచారం ఒకటి ఉంది. మా పెళ్ళిళ్ళలో ముహూర్తం అయ్యాక మగపెళ్ళివారు బంతిలో కూర్చున్నప్పుడు వాళ్ళ ఊరిని తిడుతూ ఒక పాట పాడతారు. పెళ్ళికూతురి మేనత్తే పాట ఎత్తాలి, ఇంకెవరూ ఎత్తకూడదు. ఏ ఊరివాళ్ళు వస్తే ఆ ఊరి నీళ్ళు, నేల, ఎడ్లు, మీసాలు అన్నింటికీ చరణాలు కట్టాలి. అవతలి ఆడవాళ్ళు బదులు పాడాలి. ఎంత తిట్టినా ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. ఎందుకంటే చివరి చరణం మన ఇంటి మీదే పడాలి. పెళ్ళికూతురి తండ్రిని, అంటే సొంత తమ్ముణ్ణో అన్ననో, అందరి ముందూ ఉతికి ఆరేసి పాట ముగించాలి. ఆ చరణం పడితేనే రెండు ఇళ్ళూ సమానమైనట్టు. మేనత్త ఆ చరణం పాడకుండా ఆపేసిందంటే, ఆ తోడబుట్టినవాడు ఆమెకు చుట్టం మాత్రమేనని బంతి అంతటికీ తెలిసిపోతుంది.

నా పెళ్ళిలో నా మేనత్త మా నాన్నను పాడిన చరణం నేనిక్కడ రాయలేను. అచ్చులో పెట్టే మాటలు కావవి. మా నాన్న మాత్రం ఆ సాయంత్రమంతా మీసం దువ్వుకుంటూ తిరిగారు.

కొన్నేళ్ళ కిందట మా ఆయన ఊళ్ళో ఉన్న తన భాగం చేను అమ్మేశారు. ఎవరూ దున్నక బీడుపడి ఉంది, గాలిమరలు పెట్టేవాళ్ళు వచ్చి అడిగారు, ఇచ్చేశారు. అమ్మడం తప్పని నేననను. అమ్మిన తీరు ఉందే, అది మా ఇళ్ళలోనే జరగగల పొరపాటు.

మాలో పుట్టింటి నేల అమ్మేటప్పుడు ఆడబిడ్డను అడగాలి. అడగడమంటే అనుమతి కోసం కాదు. వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుని తిట్లు తినాలి. ఆమె తిట్టి, ఏడ్చి, చచ్చిపోయిన పెద్దలందరినీ పేరుపేరునా పిలిచి, అలిసిపోయి, "సరి, లేచి అన్నం తిను" అంటే పని అయినట్టు. మా ఆయన మిల్లులో యూనియన్ వాళ్ళకు భయపడరు, అక్కకు భయపడతారు. అందుకని తెలివిగా ఒక ఉపాయం పన్నారు. గాంధీపురం వెళ్ళి, నన్ను ఒక్క మాట అడగకుండా, తానే ఒక పట్టుచీర ఎంచి తెచ్చారు. పండుమిరప రంగు, చిలకపచ్చ అంచు. ఆయన ఎంచిందని ఎవరూ చెప్పనక్కర్లేదు. దాన్ని పెద్ద వెండి తాంబాళంలో పెట్టి, పళ్ళు, పూలు, పసుపు కుంకుమలతో నిండుగా వరిసె, అంటే లాంఛనాల పళ్ళెం, సర్ది, డ్రైవరు చేత అక్కకు పంపించారు. చేను అమ్మిన కబురు కూడా వాడి నోటే.

అలా వరిసె పంపేది సంబంధులకు, పెద్దమనుషులకు, మర్యాద చేయాల్సిన పైవాళ్ళకు. అక్కకు ఎవరైనా పంపుతారా? నేను చెప్పేలోపే కారు పల్లడం దాటింది.

డ్రైవరు రాత్రికి సంతోషంగా తిరిగి వచ్చాడు. "అమ్మ రొంబ మర్యాదగా తీసుకున్నారు సార్. రెండు చేతులూ జోడించారు. తాంబాళంలో ఆకులూ వక్కా టెంకాయ పెట్టి తిరిగిచ్చారు. 'వాళ్ళకు నా నమస్కారం చెప్పండి' అన్నారు" అన్నాడు. వాడికి అదొక శుభవార్త. మా ఆయన మొహం చూస్తే ఎవరో పోయినట్టుంది.

అప్పటి నుంచి మా వదిన మా ఆయనను 'మీరు' అనడం మొదలుపెట్టింది. తాను ఎత్తుకుని పెంచిన తమ్ముణ్ణి, ఎప్పుడూ 'ఒరే' తప్ప ఇంకో మాట అనని నోటితో. ఫోను చేస్తే, "బాగుండారా? ఇంట్లో అందరూ సౌఖ్యమా? పని ఎట్లా పోతా ఉండాది?" అని బ్యాంకు మేనేజరును అడిగినట్టు అడిగేది. ఆయన ఫోను పెట్టేసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చునేవారు. నేను ఎన్ని వేళాకోళాలు ఆడినా ఆ సమయంలో మాత్రం నాకు ఆయన మీద నిజంగా జాలి వేసేది. మర్యాదతో మనిషిని ఇంత దూరం నెట్టొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

అమెరికా పాటలు ఆ తర్వాత మా ఇంట్లో ఎక్కువయ్యాయి.

ఇలా ఉండగా మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. కుదిరింది అంటే మేము కుదర్చలేదు, వాళ్ళే కుదుర్చుకున్నారు. అబ్బాయి పొల్లాచ్చివాడు, కొబ్బరి వ్యాపారం చేసే తెలుగు కుటుంబం. ఇద్దరూ తిరుప్పూరులో బనియన్ల ఎగుమతి కంపెనీల్లో ఉద్యోగాలు చేస్తూ, శని ఆదివారాలు కోయంబత్తూరులో ఒక రాక్ బ్యాండులో వాయిస్తారు. అబ్బాయి గిటారు, మా పిల్ల పాట. ఇద్దరికీ పరిచయం గాంధీపురం బస్టాండులో తిరుప్పూరు బస్సు కోసం నిలబడి నిలబడి అయిందట. ఆ బస్టాండు మీదే ఒక పాట కట్టుకున్నారు. మా ఆయన ఇది తెలిసి పొంగిపోయారు. "చూసినావా, మన ఇంట్లో కూడా ఊరి మీద పాట పుట్టింది" అన్నారు. ఆ పాట అర్థం పిల్ల చెప్పకముందే మేనేజరుగారికి చెప్పేశారు.

పెళ్ళి అనుకోగానే ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. కట్నాలు, కానుకల బెంగ కాదు. చివరి చరణం బెంగ. "అక్క పాడుతుందంటావా?" అని నన్ను అడిగేవారు. పాట ఎత్తకుండా ఉండదు, అది మేనకోడలి పెళ్ళి. పొల్లాచ్చివాళ్ళను చీల్చి చెండాడుతుంది, అందులో అనుమానం లేదు. ఆ తర్వాత? తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి చేతులు జోడించి ఆపేస్తే? "'మీరు'తో చరణం కట్టడానికి రాదు" అన్నారు ఆయన ఒక పొద్దున, పళ్ళు తోముకుంటూ, నురగ నోటితోనే. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆపి తువ్వాలు అందించాను.

పిలుపుకు ఇద్దరం కారులో బయలుదేరాం. ఈసారి డ్రైవరు లేడు. ఊరి పొలిమేరలో గాలిమరలు కనిపించాయి. మా చేను ఉన్న చోట ఒకటి నిలబడి, మూడు చేతులతో నెమ్మదిగా తిరుగుతోంది. దాని పక్కనే మా వదిన పత్తి చేను. రోజూ ఆమె పని చేసేది దాని నీడలోనే.

గడపలోకి పోగానే ఆమె నన్ను చూసి, "ఏమే, ఇంత లావైనావు? కూతురి పెళ్ళికి పెట్టాల్సిన అన్నం ముందే నువ్వు తినేసినావా?" అంది. నా ప్రాణం లేచి వచ్చింది. తర్వాత ఆయన వైపు తిరిగి, లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, కొంగుతో దుమ్ము తుడిచి, "రండి, కూర్చోండి. ఎండలో వచ్చినారు. కాపీ తాగుతారా, మోరు తాగుతారా?" అంది. మోరంటే మజ్జిగ. నేను చాప మీద కూర్చున్నాను. ఆయన పుట్టి పెరిగిన వీధిలో, కుర్చీ అంచు మీద, తాసిల్దారు పిలిపించినవాడిలా కూర్చున్నారు.

పత్రిక ఇచ్చాం. ఆమె కళ్ళకద్దుకుంది. ఏం చేయాలో తోచక ఈయన ఫోను తీసి ఒక పాట పెట్టారు. వాన లేని జిల్లా పాట. మా వదిన మిరపకాయల తొడిమలు తీస్తూ కాసేపు విని, ఆయనను అడగకుండా నన్ను అడిగింది.

"ఏమంటాడమ్మా వాడు? ఆయన్ని అడిగి చెప్పు."

ఆయన పక్కనే ఉన్నారు. నేను ఆయనను అడిగాను. ఆయన నాకు చెప్పారు. నేను ఆమెకు చెప్పాను. ఆమె వినేసిన మాటలే మళ్ళీ నా నోటి నుంచి విన్నది. వాడి ఊళ్ళో దుమ్ము లేస్తుందట, బావి ఎండిందట, పంట పోయిందట, అయినా ఆ ఊరంత అందమైన ఊరు భూమ్మీద లేదట, చచ్చినాక తనను అక్కడే పెట్టమంటాడట.

ఆమె ఒక మిరపకాయ తొడిమ తీసి పక్కన పడేసింది. "అంతా పొగుడుతా ఉండాడే. ఒక్క తిట్టు కూడా లేదే?"

"తిట్టేంటికి వదినా? సొంతూరు గదా."

"సొంతూరంటే తిట్టొద్దా? నేను ఈ ఊరిని పొద్దున లేస్తే తిడతా. ఈ నీళ్ళను తిడతా, ఈ ఎండను తిడతా, ఇంగ ఆ పంచాయితీవాళ్ళను తిట్టేది ఆ దేవుడికే తెలుసు. సుమ్మా పొగిడేవాడు ఊరివాడు కాదే. వాడు విరుందాళి. వచ్చినాడు, కాపీ తాగినాడు, బాగుండాదని చెప్పినాడు, పోయినాడు."

సుమ్మా అంటే ఊరికే, విరుందాళి అంటే చుట్టపుచూపుగా వచ్చిపోయేవాడు. ఆమె ఆ మాట ఎవరిని చూసీ అనలేదు, మిరపకాయలను చూసి అంది. మా ఆయన తన చేతిలో ఉన్న కాఫీ గ్లాసును చూశారు. ఫోనులో పాట ఆపేశారు.

తిరుగు దారిలో ఆయన ఏ పాటా పెట్టలేదు. సాత్తూరు వచ్చింది, పోయింది. మదురై బైపాసు వచ్చింది, పోయింది. నేను నిద్ర నటించాల్సిన అవసరం లేకపోవడంతో నాకు నిజంగా నిద్రే రాలేదు. ఒట్టన్‌సత్రం దగ్గర లారీలు ఎదురైనప్పుడు నేనే అడిగాను, "లారీ పాట పెట్టరా?" అని. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ పాటను నేను అడిగి పెట్టమన్నది అదే మొదటిసారి.

పెళ్ళి కోయంబత్తూరులోనే చేశాం. ముందురోజు సాయంత్రం రిసెప్షను, మర్నాడు పొద్దున ముహూర్తం. మా వదిన ముందురోజే ఊరంతటినీ వ్యానులో వేసుకుని దిగింది. రిసెప్షనులో ముందు వరుసలో కూర్చుని, డ్రమ్ము మొదలైనప్పటి నుంచి ఒక చెవిలో వేలు పెట్టుకుంది. పాడుతున్నది మేనకోడలు కాబట్టి రెండో చెవి మాత్రం పిల్లకు వదిలింది.

మా అమ్మాయి గాంధీపురం పాట సగం తమిళం, సగం మా ఇంటి తెలుగు. మా ఆయన పక్కన కూర్చున్న మేనేజరుగారికి అర్థం చెప్పడానికి వంగారు. సగం తమిళమే కాబట్టి ఆయనకు అర్థం చెప్పే పని లేకుండా పోయింది. బట్టల షోరూములో బొమ్మకు కట్టిన చీర తనకన్నా ఖరీదైనదని, లాడ్జి బోర్డులో సగం అక్షరాలు వెలగవని, కండక్టరు 'తిరుప్పూరు తిరుప్పూరు' అని అరిచి అరిచి తన ఊరి పేరు మరిచిపోయాడని, ఈ దిక్కుమాలిన బస్టాండులో తప్ప తనకు మొగుడు ఎక్కడా దొరకలేదా అని పాట. జనం ఈలలు వేశారు. మా వదిన నా మోచెయ్యి పొడిచి, "ఏమంటాది పిల్ల? ఈ డమడమలో సగమే తెలిసింది" అంది.

"గాంధీపురం బస్టాండును తిడుతోంది వదినా."

ఆమె ఆ వేలు కూడా చెవిలోంచి తీసేసింది. "అట్లయితే సరి. ఈ ఊరిదే."

నాకు నవ్వాగలేదు. నాన్న ఇన్నేళ్ళు అరిగిపోయేదాకా వినిపించిన పొగడ్త పాటలన్నీ పిల్ల ఒక చెవితో విని, పాట కట్టేటప్పుడు మేనత్త దారే పట్టింది. ఆ సంగతి ఆయనకు తెలిసిందో లేదో. చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున గది తలుపు తీసుకుని మా వదిన బయటికి వచ్చింది. పండుమిరప రంగు, చిలకపచ్చ అంచు. అదే చీర. నేను నోరు తెరిచాను. ఆమె నన్ను చూసి, "ఏమే, ఎప్పుడూ చీర చూడలేదా?" అని విసవిసా మండపంలోకి నడిచింది. ఆ చీర కట్టిందంటే కోపం పోయినట్టా? లేక నువ్వు పంపిన మర్యాద ఇదిగో అని అందరికీ చూపించడానికా? ఆయన ఎంచిన ఆ రంగు ఆమెకు ఏ మాత్రం నప్పలేదు. ఆయనకు చెబుదామని వెతికాను. ఆయన పెళ్ళి చేయించే అయ్యవారి వెనక తిరుగుతున్నారు. ఆమె ఆయన పక్కనుంచే రెండుసార్లు పోయింది, ఆయన చూడలేదు. మగవాళ్ళకు చీర కొన్న రోజు తప్ప మళ్ళీ కనబడదు కాబోలు.

ముహూర్తం అయింది. పొల్లాచ్చివాళ్ళు బంతిలో కూర్చున్నారు. పెళ్ళికూతురి తండ్రి బంతిలో తిరిగి వడ్డించాలి. మా ఆయన రసం బకెట్టు పట్టుకున్నారు. మేనేజరుగారు కూడా ఒక ఆకు ముందు కూర్చున్నారు. మా వదిన బంతి తలలో నిలబడి, కొంగు నడుముకు దోపి, గొంతు సవరించుకుంది. మైకు ఇవ్వబోతే, "దీనికి అదేంటికి?" అంది.

*పొల్లాచ్చి వియ్యాలవారు వచ్చినారమ్మా*
*బోడి టెంకాయలు బండెడు తెచ్చినారమ్మా*
*కాయ ఏదో, తల ఏదో కానరాలేదు*
*తట్టి చూస్తే గాని లోన నీళ్ళు తెలియలేదు*

పొల్లాచ్చి వరుసలో నవ్వులు లేచాయి. బట్టతల వియ్యంకుడు తన తల తానే తట్టి చూసుకున్నారు. అవతలి నుంచి ఒక పెద్దావిడ, కోయంబత్తూరువాళ్ళు నూలు కూడా పొదుపుగా వడికి అల్లుడి పంచె మూర తగ్గించారని బదులు పాడింది. మా వదిన వదిలిపెడుతుందా?

*పెళ్ళికొడుకు తంబురకు తోక ఒకటి ఉండాది*
*తోక పోయి గోడలో కరెంటు తాగుతాది*
*కరెంటు పోయిన రోజున కచ్చేరి ఎట్లమ్మా*
*పెళ్ళాం మొగం చూసి పీట మీద కూర్చో నాయనా*

ఇలా నీళ్ళ మీద, ఎడ్ల మీద, వాళ్ళ ఊరి పిల్లకాలువ మీద చరణాలు నడిచాయి. తర్వాత ఆమె ఆగింది. చెంబు ఎత్తి నీళ్ళు తాగింది. అందరికీ తెలుసు, ఇక మిగిలింది ఒక్కటే. మా ఆయన మూడో ఆకు దగ్గర బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. గరిటె పైకి లేచి ఉంది. ఆయన అక్కను చూడటం లేదు, గరిటెను చూస్తున్నారు. చేతులు జోడించొద్దు వదినా, చేతులు మాత్రం జోడించొద్దు అని లోపల మొక్కుకున్నాను.

ఆమె చెంబు కింద పెట్టింది.

*పొరుగూరి వాళ్ళనంటి, మా వాణ్ణి అననా*
*మా తమ్ముడి తెలివి నేను మూట కట్టి దాచనా*
*నాయన దున్నిన చేను గాలికిచ్చినాడే*
*మానంత ఫ్యాను పెట్టి చెమట కార్చినాడే*
*అక్కనడగ బయపడి పట్టుచీర పంపినాడే*
*గాడిద, రంగు చూడక గుడ్డి కళ్ళతో ఎంచినాడే*
*కట్టుకుని వచ్చినా, కళ్ళు తెరిచి సూడరా*
*ఒరే, ఎదవా, అక్కనురా, దొరసానిని కానురా*

బంతి అంతా గొల్లుమంది. మా ఆయన అప్పుడు చూశారు చీరను. గరిటె బకెట్టులో పడిపోయింది. మొహం ఒక వైపు నవ్వుతోంది, ఇంకో వైపు తడుస్తోంది, రెండింటినీ తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మేనేజరుగారికి మా తెలుగు రాదు. అందరూ నవ్వుతుంటే తానూ నవ్వి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ తమిళంలో అడిగారు, ఈ పాటకు అర్థం ఏమిటి సార్ అని. సముద్రం అవతలి పాటలన్నింటికీ అర్థం చెప్పిన మనిషి నోరు తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు.

"మా అక్క నన్ను తిట్టింది సార్," అన్నారు.

బంతి తల నుంచి గొంతు వచ్చింది. "ఒరే, ఏడ్చేదుంటే బకెట్టు కింద పెట్టి ఏడువురా. రసంలో ముందే ఉప్పు ఎక్కువైంది."